ఆ చిన్న చుక్క రంగు

మళ్ళీ చెప్పాలా సిస్టర్? డెస్మండ్ ట్రెలోర్. డెబ్బై ఒకటి. కుడి కన్ను. బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయికి చెప్పాను, మత్తు డాక్టరుకి చెప్పాను, తలకి టోపీ తొడిగిన కుర్రావిడకి చెప్పాను. నుదుటి మీద బాణం కూడా గీసి పెట్టారు కదా మీరే.

బాణం అంటే గుర్తొచ్చింది, ఏమీ అనుకోకండి. అద్దంలో చూశాను. మొన వంకర పోయింది. నలభై ఆరేళ్ళు బోర్డులు రాసినవాణ్ణి, నా మొహం మీదే వంకర బాణం వేస్తే ఎలాగమ్మా?

సరే సరే, కదలను. వెయ్యండి మీ చుక్కల మందు. అబ్బ, మండుతోంది. ఈ చుక్కలు పడితే గానీ ఆకాశంలో ఆ చుక్కలు కనపడవు మరి.

మాట్లాడకుండా పడుకోమనకండి, నావల్ల కాదు. కంటిపాప విచ్చుకోడానికి ఇంకో అరగంట పడుతుందని మీరే అన్నారు. అరగంట నోరు మూసుకుంటే నాకు నిజంగానే ఏదో అవుతుంది. రెండు వారాల నించీ నేను మామూలుగా లేను. ఎడమ కన్ను చేశారు చూడండి, అప్పట్నించీ. ఊళ్ళో నడుస్తూ నడుస్తూ ఆగిపోయి నవ్వుతున్నాను. పోస్టాఫీసు దగ్గర ఒకావిడ మీకు బాగానే ఉందా అని నన్ను బెంచీ మీద కూర్చోబెట్టింది.

అసలు సంగతి చెప్తాను వినండి. మీరు టారన్‌బీ వచ్చారా ఎప్పుడైనా? రాలేదా? గోధుమ గిడ్డంగులు దాటాక ఎడమ చేతి వైపు గుట్ట, గుట్ట మీద తెల్ల గుమ్మటం. అది మాదే. ఊరివాళ్ళం కట్టుకున్న అబ్జర్వేటరీ. జీతమిచ్చేవాళ్ళు లేరు, పుచ్చుకునేవాళ్ళు లేరు. పదకొండు మందిమి. గడ్డి కోసేవాడే అధ్యక్షుడు, బెవన్ అని, పాలవ్యాను నడిపేవాడు ఒకప్పుడు.

డిసెంబరులో వేసవి సెలవులొచ్చాయంటే మాకు ఊపిరాడదు. గురువారం పొద్దున పిల్లలకి సూర్యుణ్ణి చూపిస్తాం, నల్లద్దం బిగించిన చిన్న టెలిస్కోపులోంచి. ముంగిట్లో పిల్లల నీడలతోనే గడియారం వేయిస్తాం, సుద్దముక్కతో. నలభై డిగ్రీల ఎండలో ఈగలు తోలుకుంటూ సాసేజీలు కాలుస్తాం. శుక్రవారం సాయంత్రం పెద్ద టెలిస్కోపు. తొమ్మిదింటికి గానీ పొద్దు గుంకదు కదా, అందాకా జనం గడ్డి మీద దుప్పట్లు పరుచుకుని కూర్చుంటారు.

ఆ పెద్ద టెలిస్కోపు దగ్గర నిచ్చెన పక్కన నిలబడేది నేను. పదిహేడు వేసవుల నించీ.

ఊనా వచ్చింది పదకొండు వేసవుల కిందట. ఊనా పాస్కో. బయట వరండాలో కూర్చుందే, చేతిలో గళ్ళనుడికట్టు పట్టుకుని, ఆవిడే. పొద్దున్నే నన్ను తీసుకొచ్చింది కూడా ఆవిడే.

ఆవిడ పని ఉన్ని తేల్చడం. గొర్రెబొచ్చు కత్తిరించి బల్ల మీద పరిస్తే, ఒక్క చూపు చూసి, రెండు వేళ్ళ మధ్య నలిపి, ఇది ఫలానా రకం అని చెప్పేది. మగాళ్ళు నిండిన షెడ్లలో ముప్ఫై ఏళ్ళు చేసింది. ఆవిడ తేల్చిందంటే రైతు ఎదురు చెప్పేవాడు కాదు.

నేనేమో రంగులవాణ్ణి. ఇప్పుడర్థమైందా ఎక్కడ చెడిందో?

సిరియస్ ఉంది చూడండి, ఆకాశంలో అన్నిటికంటే బాగా వెలిగే చుక్క. దానికి దగ్గర్లోనే ఒక జంట చుక్క ఉంది. ఉత్త కంటికి ఒకటే. టెలిస్కోపులో పెడితే రెండుగా విడిపోతుంది. పెద్దది బంగారు రంగు. అందులో గొడవ లేదు. చిన్నది తెలుపు.

తెలుపు అనేవాణ్ణి నేను. ఊనా మొదటిరోజే నిచ్చెనెక్కి చూసి, దిగి వచ్చి, 'మీరు తప్పు చెప్తున్నారు, చిన్నది నీలం' అంది. ముప్ఫై మంది ముందు. నాకు పేరైనా తెలీదు అప్పటికి.

నేనూరుకుంటానా? ఊళ్ళో ప్రతి కొట్టు మీదా నా రాత ఉంది, నాకు రంగులు చెప్తారా అన్నాను. ఆవిడ అంది, 'నాకు పన్నెండు రకాల తెలుపులు తెలుసు, వాటిలో ఇది లేదు.'

అంతే. ప్రతి వేసవి, ప్రతి శుక్రవారం. జనం ఆ గొడవ వినడానికే వచ్చేవాళ్ళంటే నమ్మండి. చూసిన ప్రతివాళ్ళూ నీలం అనేవారు. నువ్వు ముందే చెప్పి పాడు చేస్తున్నావు అనేవాణ్ణి. సరేనని ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడేది. అయినా నీలమనేవారు. పుస్తకాల్లో చదువుకొచ్చి చెప్తున్నారు అనేవాణ్ణి. ఆరేళ్ళ పిల్ల నీలం అంటే, దీనికి ఏ పుస్తకం చదివి వినిపించారు అని వాళ్ళమ్మని అడిగాను సిస్టర్, సిగ్గు లేకుండా.

నవ్వకండి, మీరు నవ్వితే నా మంచం కూడా ఊగుతోంది.

నాకు కనపడింది నేను చెప్పాను. అబద్ధమాడలేదు. కంట్లో పొర ముదురుతోందని, టీ నీళ్ళలోంచి చూసినట్టు చూస్తున్నానని నాకెలా తెలుస్తుంది? రోజుకింత చొప్పున ముదిరితే ఎవడికి తెలుస్తుంది? లోకమే అలా ఉందనుకున్నాను.

కానీ ఒక మాట అన్నాను. అది మాత్రం పొర అన్న మాట కాదు, నేను అన్న మాటే. మూడేళ్ళ కిందట. ఆ రోజు పట్నం నించి ఏదో క్లబ్బువాళ్ళొచ్చారు, అందరూ ఊనా వైపు చేరారు. నాకు మండింది. 'జన్మంతా గొర్రెల వెనక తిరిగిన కళ్ళు, వాటికి చుక్కలేం తెలుస్తాయి' అన్నాను.

ఆవిడ తన ఫ్లాస్కు తీసుకుని, బల్ల మీద గుడ్డ మడత పెట్టి, కొండ దిగి వెళ్ళిపోయింది.

నాలుగు శుక్రవారాలు రాలేదు.

మొదటి వారం హాయిగా ఉంది. తెలుపు అన్నాను, ఎవరూ కాదనలేదు. రెండో వారం కూడా తెలుపు అన్నాను. నా మాట నాకే చప్పగా వినపడింది. మూడో వారానికి నిచ్చెన పక్కన ఆవిడ నిలబడే చోటు చూస్తూ చూస్తూ, చెప్పాల్సింది మర్చిపోయి, సిరియస్‌ని శుక్రుడు అన్నాను. బెవన్ నన్ను పక్కకి తీసుకెళ్ళి, 'వెళ్ళి క్షమాపణ చెప్పుకో, నీతో వేగలేకపోతున్నాం' అన్నాడు.

వెళ్ళాను. వాళ్ళ ఇంటి గేటు దాకా వెళ్ళి, గేటు మీద నంబరు పెచ్చులూడిందని గమనించి, ఇంటికెళ్ళి రంగు తెచ్చి, నంబరు రాసి వచ్చేశాను. తలుపు కొట్టలేదు. ధైర్యం చాల్లేదు.

ఆ శుక్రవారం వచ్చింది. నిచ్చెనెక్కింది, చూసింది, దిగింది. 'నీలమే' అంది. నాకెంత సంతోషమేసిందో. తెలుపు అని గట్టిగా అరిచాను.

ఇంకో చుక్కా? వెయ్యండి, వెయ్యండి.

ఈ డిసెంబరుకి నా చూపు బాగా పోయింది. ఒక గురువారం పిల్లలు సూర్యుడి మీద మచ్చలు లెక్కపెడుతున్నారు. తొమ్మిదన్నారు. నేను చూసి రెండే అన్నాను. వాదించబోయాను. ఊనా నన్నే చూస్తోంది. ఆ తర్వాత కాగితం పళ్ళెం మీద సాసేజీ పెట్టమంటే పళ్ళెం పక్కన పెట్టానట.

మధ్యాహ్నం జనం వెళ్ళిపోయాక ఆవిడ నా పక్కన కూర్చుంది. 'డెస్, మంగళవారం కళ్ళ డాక్టరు దగ్గర నీ పేరు రాయించాను, ఎనిమిదింటికి సిద్ధంగా ఉండు' అంది. నాకేం అక్కర్లేదన్నాను. 'అక్కర్లేదంటే నిచ్చెనెక్కనివ్వను' అంది. అందుకే వచ్చాను. చూపు కోసం కాదు, నిచ్చెన కోసం.

డాక్టరు చూసి, రెండూ బాగా ముదిరాయి, ఇన్నాళ్ళు ఎలా నెట్టుకొచ్చారు అన్నాడు. ఊనా పక్కనే ఉంది. 'మొండితనంతో' అంది.

ఎడమ కన్ను చేసిన మర్నాడు పొద్దున కట్టు మీరే విప్పారు కదా, గుర్తుందా? నేను మీ గౌను చూసి ఎంత బావుందో అన్నాను, మీరు ఇది ఆసుపత్రి గౌనండీ అన్నారు. తర్వాత బయటికి వచ్చాం. కార్లు ఆపే చోటులో ఊనా తన కారు తలుపు తీస్తోంది. నాకు నోరాగలేదు. 'నీలం కారు ఎప్పుడు కొన్నావు?' అన్నాను.

ఎనిమిదేళ్ళయింది సిస్టర్ ఆ కారు కొని. నేను బూడిద రంగనుకుంటున్నాను ఎనిమిదేళ్ళూ. ఎన్నిసార్లు ఎక్కానో.

ఆవిడ ఎక్కి కూర్చోమంది. దారి పొడుగునా నేనొక్కణ్ణే. ఎడమ కన్ను మూస్తే లోకమంతా టీ. కుడి కన్ను మూస్తే ఆకాశం. మూసి తెరిచి, మూసి తెరిచి, మెడ పట్టేసింది. నీళ్ళ ట్యాంకు నీలం. పెట్రోలు బంకు పేరు నీలం. ఎవరిదో తాడు మీద ఆరేసిన చొక్కా, దేవుడా, ఎంత నీలమో. ఆవిడ ముందుకే చూస్తూ కారు నడిపింది. పెదవి కొరుక్కుంటోందని మాత్రం కనపడింది నాకు, కొత్త కన్ను కదా.

మర్నాడు గురువారం. గుట్టెక్కాను. గేటు దగ్గర ఆగిపోయాను.

అబ్జర్వేటరీ బోర్డు నేనే రాశాను, నాలుగేళ్ళ కిందట. గేటు, బోర్డు, తలుపు, మొత్తం. హుందాగా ఉండాలని బూడిద రంగు వేశాను. రంగు కంటితో చూసి కలపడం నా అలవాటు. డబ్బా మీద పేరు చదివి వేసేవాడు పెయింటరా?

ఊదా. సిస్టర్, వంకాయ ఊదా. గేటు ఊదా, తలుపు ఊదా, బోర్డు ఊదా. పెళ్ళికి కేకు చేసినట్టుంది.

నేను అక్కడే రాయి మీద కూర్చుండిపోయాను. బెవన్ గడ్డి యంత్రం ఆపి వచ్చాడు. ఇదేంటన్నాను. వాడు టోపీ తీసి నెత్తి గోక్కున్నాడు. మొదటిరోజే అందరం బిత్తరపోయామన్నాడు. నీకు చెబుదామనే బయల్దేరాను, ఊనా గేటుకి అడ్డం నిలబడింది అన్నాడు. 'అతని పని మీద ఎవరైనా ఒక్క మాటన్నా నాతో చెప్పుకోవాలి' అందట. జనమడిగితే, పొద్దు గుంకాక తూర్పున ఆకాశం ఆ రంగులోనే ఉంటుంది, అది చూసి వేశాడు అని చెప్పేదట. నాలుగేళ్ళు.

చుక్క రంగు మీద పదకొండేళ్ళు నన్ను వదల్లేదు. గేటు రంగు మీద ఒక్క మాట అనలేదు. చుక్క నేను చేసింది కాదు. గేటు నేను చేసింది.

మీకు తెలిసిపోయిందా? నాకు ఆ రాయి మీద కూర్చున్నాక గానీ తెలీలేదు.

అప్పుడు నవ్వొచ్చింది. ఎలాంటి నవ్వు! కడుపు పట్టుకుని కొండ దిగి ఊరంతా తిరిగాను. గత నాలుగేళ్ళలో రాసిన బోర్డులన్నీ చూడాలిగా మరి. మాంసం కొట్టు ఊదా. బ్యాంకు పక్కన లెక్కలాయన ఊదా. శవాలు సాగనంపే ఆయన తలుపు మీద నిండుగా, నవ్వుతున్నట్టు, ఊదా. మార్చి రాస్తానని ఆయన్ని బతిమాలాను. వద్దన్నాడు. ఏడుస్తూ వచ్చేవాళ్ళు గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఏడుపు ఆపుతారయ్యా, ఉండనీ అన్నాడు.

ఇక శుక్రవారం.

నిజం చెప్పాలంటే ఆ రోజంతా నేను అన్నం తినలేదు. అరవై మంది వచ్చారు. నాకు కన్ను బాగు చేశారని ఊరంతా తెలుసు, ఈసారి తేలిపోతుందని వచ్చారు. చీకటి పడుతోంది. ఊనా నిచ్చెన పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. నేనెక్కాను. ఎడమ కన్ను పెట్టాను.

పెద్దది బంగారం. దాని పక్కన, ఆనుకునీ ఆనుకోకుండా, చిన్నది. తెలుపు కాదు. ఆవిడ చెప్పిందే.

ఎంతసేపు చూశానో తెలీదు. కింద నించి బెవన్ దగ్గాడు. కళ్ళు చెమర్చాయి, చుక్కలు రెండూ కలిసిపోయాయి. పదకొండేళ్ళు అది అక్కడే అలాగే ఉంది కదా అనుకున్నాను. నేను ప్రతి శుక్రవారం దాన్ని చూసి తెలుపు అన్నాను, అది ఏమీ అనుకోలేదు.

దిగాను. అందరూ నన్నే చూస్తున్నారు. నోరు తెరిచాను.

'తెల్లగానే ఉంది' అన్నాను.

ఎందుకన్నానా? మీరూ అదే అడుగుతున్నారు. అరవై మందీ ఓ అని మూలిగి, నవ్వి, చప్పట్లు కొట్టారు. ఊనా మాత్రం నవ్వలేదు. నా మొహంలోకి చూసింది. నీలం కారు గురించి నేనన్న మాట విన్న మనిషి. ఒక్క క్షణం చూసి, 'సరే, రెండో కన్ను కూడా కానీ, అప్పుడు చూద్దాం' అని చెప్పి టీ కెటిల్ వైపు వెళ్ళిపోయింది.

పోయిన శుక్రవారం కూడా అంతే. తెలుపన్నాను. నీలమంది. జనం నవ్వారు.

మొదటి పదకొండేళ్ళూ నాకు కనపడక అన్నాను సిస్టర్, అది తప్పు కాదు. ఈ రెండు శుక్రవారాలూ కనపడే అన్నాను. నలుగురి ముందూ ఆవిడ మాట నిజమని తెలిసీ, ఆవిడకి దక్కాల్సింది నేను జేబులో వేసుకున్నాను. పొద్దున కారులో ముప్ఫై మైళ్ళు పక్కనే కూర్చుని, చెబుదామని మూడుసార్లు గొంతు సవరించుకున్నాను. జలుబు చేసిందా, ఆపరేషన్ వాయిదా వెయ్యమందామా అని అడిగింది.

ఓడిపోయానని చెప్పడానికి సిగ్గు కాదు. రాసిన ఊదా బోర్డుల ముందు నాకింక సిగ్గేం మిగిలింది? నా భయం వేరు. గొడవ తీరిపోతే శుక్రవారం ఆవిడ నిచ్చెన పక్కన ఎందుకు నిలబడుతుంది? గోధుమ ధర గురించి మాట్లాడుకుంటామా? నాకు ఇంకో మాట రాదు ఆవిడతో. పదకొండేళ్ళలో నేను నేర్చుకున్న మాట ఒక్కటే, తెలుపు.

ఏంటి? ఎవరడిగారు? ఊనానా? ఎప్పుడు?

కట్టు విప్పిన రోజేనా? నేను చొక్కా తొడుక్కుంటుంటే బయట మిమ్మల్ని ఆపి అడిగిందా, ఇతనికి నీలం ఎప్పటికి కనపడుతుందని? మీరేమన్నారు? అన్నిటికంటే ముందు కనపడేది నీలమే అన్నారా?

అంటే కారు దాకా రాకముందే తెలుసు. రెండు శుక్రవారాలూ తెలిసే వచ్చింది. నేను అబద్ధమాడుతున్నానని తెలిసే చేతులు కట్టుకుని నిలబడి నాతో గొడవపడింది.

ఇవాళ కూడా ఏదో అడిగిందా? చెప్పండి, చెప్పకపోతే కదులుతాను, బాణం చెరిపేస్తాను.

కంటి ఆపరేషన్ అయిన మనిషితో గొడవపడొచ్చా అని అడిగిందా? దేవుడా. మీరేమన్నారు? గొంతు పెంచకపోతే ఫరవాలేదన్నారా?

ఉండండి, ఉండండి, నవ్వు ఆపుకోనివ్వండి. మందంతా చెవిలోకి కారింది.

లోపలికి పిలుస్తున్నారా? పదండి. ఒక్క ఉపకారం చెయ్యండి సిస్టర్. వరండాలోంచేగా తోసుకెళ్ళేది? ఆవిడ కుర్చీ దగ్గర ఒక్క క్షణం మంచం ఆపండి. డాక్టరు ఏమీ అనుకోడు, చేతులు కడుక్కుంటుంటాడు. ఇక శుక్రవారాలు రాకపోతే మానేస్తుంది. పదకొండేళ్ళ నించి ఆవిడ మాటే నిజం, అది నా దగ్గర ఎన్నాళ్ళు పెట్టుకోను?

ఆపండి, ఇక్కడే.

ఊనా. ఆ చిన్నది నీలం. కన్ను బాగయ్యాక మొదటి శుక్రవారమే చూశాను. గొడవ తీరిపోతే నువ్వు రావేమోనని తెలుపన్నాను. గొర్రెల మాట కూడా, అప్పుడన్నది, అది కూడా తప్పే.

పదండి సిస్టర్, తోయండి. ఏమందో విన్నారా? నాకు సరిగ్గా వినపడలేదు, చెవిలో మందు.

'తెలుసు' అందా? ఇంకేదో కూడా అంది కదా.

ఏ రకం నీలమో శుక్రవారం తేలుద్దాం అందా? చూశారా, ఒప్పుకున్నా వదిలిపెట్టేట్టు లేదు.